లైవ్ కాన్సర్ట్‌కు మొదటిసారి వెళ్తున్నారా? అనంతపురం వాళ్లకు అడుగడుగునా తెలియాల్సినవి

రీల్స్‌లోనో సినిమా పాటల్లోనో విని పిల్లలు ప్రాణం పెట్టేసిన ఓ యువ గాయకుడు లైవ్ షో చేస్తున్నాడని పోస్టర్ వస్తుంది. అది వెంటనే ఫ్రెండ్స్ గ్రూపుల్లో తిరిగేస్తుంది. ఆ తర్వాత ఇంట్లో అడగడం, ఒప్పించడం, డబ్బులు పోగేయడం. ఆ హడావిడిలో ఎవరూ లెక్కేసుకోని విషయం ఒకటుంది. ఏ కాన్సర్ట్‌లోనైనా పాట సుమారు రెండు గంటలే. గేటు దగ్గర నిలబడటం, లోపల ఎదురుచూడటం, అయిపోయాక బయటపడటం, ఇల్లు చేరడం కలిపితే అంతకు రెట్టింపు టైం పోతుంది. డబ్బులు పెట్టి వెళ్లినవాళ్లు తిట్టుకుంటూ తిరిగొచ్చారంటే చాలాసార్లు కారణం ఆ మిగతా టైమే. అందుకే ఇందులో స్టేజీ మీది సంగతులకన్నా స్టేజీ కింది సంగతులే కాస్త ఎక్కువ ఉంటాయి.

ముందు అది ఏ రకం షోనో తేల్చుకోండి

మనకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది కాలేజీ ఫెస్ట్. జేఎన్‌టీయూ కావచ్చు, ఎస్కే యూనివర్సిటీ కావచ్చు, ఊరి బయటి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ కావచ్చు. చివరి రోజు రాత్రి సింగర్‌ను పిలవడం ఇప్పుడు మామూలైపోయింది. ఐడీ కార్డు ఉంటేనే లోపలికి పంపుతారు, బయటివాళ్లకు పాస్ కావాలి. పోస్టర్ మీద సాయంత్రం ఆరు అని ఉంటుంది. ఆరింటికి మొదలయ్యేది జ్యోతి ప్రజ్వలన. తర్వాత అతిథుల ప్రసంగాలు, శాలువాలు, మెమెంటోలు, స్టూడెంట్ల డ్యాన్సులు. సింగర్ మైకు అందుకునేసరికి ఎనిమిది దాటినా ఆశ్చర్యపోకండి.

రెండోది మైదానంలో పెట్టే ఫ్రీ షో. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, పీటీసీ గ్రౌండ్ లాంటి చోట ఏ ఉత్సవానికో, ఏ షాపు ప్రారంభానికో పెడతారు. ముందు వరసల కుర్చీలన్నీ వీఐపీలవే. చేతిలో పాస్ ఉన్నంత మాత్రాన కుర్చీ ఉన్నట్టు కాదు. ఎంతమంది వస్తారో పెట్టినవాళ్లకే అంచనా ఉండదు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లాలనుకుంటే ఈ రకానికి దూరంగా ఉండమనే నా సలహా. దూరాన ఏ మిద్దె మీద నుంచి విన్నా పాట వినపడుతుంది.

మూడోది టికెట్ షో. పెద్ద పేరున్న సింగర్ల టూర్లు అనంతపురం దాకా రావడం తక్కువ, మనమే బెంగళూరు పోవాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. కర్నూలు వాళ్లకు అదే రోడ్డు మీద హైదరాబాద్ దాదాపు అంతే దూరం. బెంగళూరు అనగానే సరిపోదు, బెంగళూరులో ఎక్కడో చూడాలి. ప్యాలెస్ గ్రౌండ్స్ అయితే మనకు సులువు. హెబ్బాళ మీదుగా వచ్చేవాళ్లకు మేఖ్రి సర్కిల్ దగ్గరే తగులుతుంది. తుమకూరు రోడ్డులోని మాదావర ఎగ్జిబిషన్ సెంటర్ అయితే మెజెస్టిక్‌లో దిగి గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా అక్కడిదాకా పోవచ్చు. వైట్‌ఫీల్డ్ వైపైతే, పొద్దున్నే బయల్దేరినా ఆ ట్రాఫిక్‌కు ఒక పూట రాసిపెట్టుకోండి.

టికెట్ కొనేటప్పుడు

బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ లాంటి యాప్‌లలో మొదట కనిపించే ధర వేరు, చివరికి కట్టేది వేరు. జీఎస్టీ, కన్వీనియన్స్ ఫీజు ఆఖరి పేజీలో కలుస్తాయి. నలుగురి డబ్బులు పోగేస్తున్నవాళ్లు ఆ ఆఖరి పేజీ చూశాకే తలా ఎంతో చెప్పండి.

ఫ్యాన్ పిట్, ప్లాటినం, గోల్డ్, సిల్వర్ అని జోన్‌ల పేర్లుంటాయి. పేరు చూసి మోసపోకండి, మ్యాప్ చూడండి. గోల్డ్ అన్నా నిలబడి చూడాల్సిందే కావచ్చు. "సీటెడ్" అని రాసి ఉంటేనే కుర్చీ. కనీస వయసు ఎంతో కూడా అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లకు టికెట్ కొనేశాక పద్దెనిమిది నిండాలని తెలిస్తే డబ్బు వెనక్కి రాదు. షో రద్దయితే తప్ప చాలా షోలకు రీఫండ్ ఉండదు.

టికెట్లు అయిపోయాయని తెలియగానే టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాలో "నా దగ్గర రెండున్నాయి బ్రో" అంటూ కొందరు బయల్దేరతారు. ఒక క్యూఆర్ కోడ్ గేటు దగ్గర ఒక్కసారే పనిచేస్తుంది. అదే కోడ్‌ను పదిమందికి అమ్మితే ముందు చేరినవాడికే ప్రవేశం. తెలియనివాళ్ల దగ్గర కొనకపోవడమే మేలు. ఇంకోటి, టికెట్ దొరికిన సంబరంలో దాని ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. క్యూఆర్ కనిపిస్తే చాలు, ఎవరైనా వాడేసుకోవచ్చు.

బయల్దేరే ముందు

సాయంత్రం ఐదు లోపల కడుపు నిండా తినండి. ఇంట్లో చిత్రాన్నం తిన్నా చాలు. లోపల దొరికేవాటికి ధర ఎక్కువ, వరస పొడుగు. పైగా వరసలో నిలబడ్డంతసేపు మీ చోటు ఇంకొకరిది అయిపోతుంది.

కాళ్లకు పాత షూ వేసుకోండి. చెప్పులు వద్దు, హీల్స్ అసలే వద్దు. గుంపులో ఒకరి కాలు ఒకరు తొక్కకుండా పాట గడవదు. జారిన చెప్పు కోసం వంగడం ఎంత ప్రమాదమో కింద చెప్తాను. అమ్మాయిలు చున్నీని రెండు వైపులా పిన్ చేసుకోవడమో, ఇంట్లో వదిలేయడమో మంచిది. మన మైదానాల్లో గడ్డి కన్నా మట్టి ఎక్కువ. వేలమంది ఒకేసారి గెంతితే లేచే దుమ్ము గొంతులో దిగుతుంది కాబట్టి ఓ కర్చీఫ్ ఉంచుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ తప్పకుండా. డిసెంబరు, జనవరిలో అయితే తొమ్మిది దాటాక గాలి చల్లగా కొడుతుంది, పల్చటి స్వెటర్ నడుముకు కట్టుకుని పోవచ్చు.

బ్యాగు ఎంత చిన్నదైతే అంత మంచిది. నీళ్ల బాటిల్, పెర్ఫ్యూమ్, లైటర్, సెల్ఫీ స్టిక్, గొడుగు, పెద్ద కెమెరా సాధారణంగా లోపలికి రానివ్వరు. కొన్నిచోట్ల పవర్ బ్యాంకు, చిల్లర నాణేలు కూడా. బండి మీద వచ్చేవాళ్లకు అసలు చిక్కు హెల్మెట్‌తో. లోపలికి రానివ్వరు, దాచేచోటు ఉండదు. సీటు కింది హుక్‌కు తగిలించి తాళం వేయగలిగితే సరే, లేదంటే బండి ఇంట్లో పెట్టి ఆటోలో రండి.

ఫోన్ పూర్తిగా చార్జ్ చేయండి. వేలమంది ఒకచోట చేరితే సిగ్నల్ ఉన్నట్టే కనిపిస్తుంది, నెట్ మాత్రం కదలదు. యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి నాలుగైదు వందలు నోట్ల రూపంలో ఉండాలి. టికెట్‌ను గేటుకు చాలా ముందే యాప్‌లో తెరిచి పెట్టుకోండి. కొన్ని యాప్‌లలో క్యూఆర్ కోడ్ మారుతూ ఉంటుంది, అలాంటప్పుడు స్క్రీన్‌షాట్ పనికిరాదు. ఫోన్ దొంగలకు కాన్సర్ట్ అంటే పండగే. వెనక జేబులో పెట్టకండి, ప్యాంటు ముందు జేబులోనో జిప్పున్న బ్యాగులోనో పెట్టండి. *#06# నొక్కి ఐఎంఈఐ నంబరు ఇంట్లో రాసిపెట్టి వెళ్తే, పోయినా సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించుకోవచ్చు.

గేటు దగ్గర

ఇక్కడ ఓపిక కావాలి. మగవాళ్లకు, ఆడవాళ్లకు తనిఖీ వరసలు వేరుగా ఉంటాయి. కలిసి వచ్చిన గుంపు ఇక్కడే విడిపోతుంది, ఒకరు పది నిమిషాల్లో లోపలికి పోతే ఇంకొకరికి నలభై పడుతుంది. లోపల కలుసుకునే చోటు ముందే అనుకోండి. "స్టేజీ దగ్గర" అంటే కుదరదు, అందరూ అక్కడే ఉంటారు. "సౌండ్ సర్దే మిక్సర్ టెంట్ వెనక, ఎడమ స్తంభం" అనేంత వివరంగా ఉండాలి.

గేటు దగ్గర రోజూ వినిపించే మాటలు ఇవి:

"అన్నా, పవర్ బ్యాంకే కదన్నా, చిన్నది."

"రాదు తమ్ముడూ. బయట పెట్టిరా, లేకుంటే ఆ డబ్బాలో వెయ్."

ఆ డబ్బాలో వేసింది తిరిగి దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. వాదిస్తే వెనక ఉన్న వందమంది మీమీదే అరుస్తారు. చేతికి బ్యాండ్ వేస్తే షో అయ్యేదాకా తీయొద్దు, తెగితే మళ్లీ ఇవ్వరు. బయటికి వెళ్తే తిరిగి రానివ్వరని చాలా టికెట్ల మీద రాసి ఉంటుంది. టాయిలెట్ ఎక్కడో చూసుకుని సింగర్ రాకముందే ఓసారి వెళ్లి రండి. తర్వాత గుంపులోంచి బయటికి రావడం, తిరిగి అదే చోటికి పోవడం అయ్యే పని కాదు.

ఎక్కడ నిలబడాలి

మొదటిసారి వెళ్లేవాళ్లందరూ స్టేజీ వైపు పరుగు తీస్తారు. నన్నడిగితే ఆ పరుగు దండగ. అక్కడ మొహం కనిపిస్తుంది కానీ పాట సరిగ్గా వినపడదు. పెద్ద స్పీకర్లను స్టేజీకి రెండు వైపులా ఎత్తున వేలాడదీస్తారు, వాటి శబ్దం మీ తల మీదుగా వెనక్కి పోయేలా వంచి పెడతారు. బేస్ స్పీకర్లు మాత్రం కింద, స్టేజీ అంచునే ఉంటాయి. ముందు వరసలో నిలబడితే గొంతు తక్కువ, గుండెల మీద గుద్దే ఆ దడదడ ఎక్కువ.

మైదానం మధ్యలో, స్టేజీకి ఎదురుగా ఒక చిన్న టెంటు ఉంటుంది, మిక్సర్ టెంట్ అంటే అదే. అందులో సౌండ్ ఇంజినీర్ కూర్చుని మీటలు పైకీ కిందికీ జరుపుతూ ఉంటాడు. అతను తన చెవికి బాగున్నట్టే అంతా సర్దుతాడు కాబట్టి, ఆ టెంటుకు కాస్త ముందో పక్కనో నిలబడితే మైదానంలో అందరికన్నా మంచి సౌండ్ మీకే. టెంటు చుట్టూ కంచె ఉంటుంది కనుక వెనక నుంచి నెట్టేవాళ్లు కూడా తక్కువ. పొట్టిగా ఉన్నవాళ్లకు ముందు వరసకన్నా అక్కడి నుంచి ఎల్ఈడీ తెరే బాగా కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి పోతే ఒక వింత గమనిస్తారు. తెర మీద పెదవులు ముందు కదులుతాయి, పాట తర్వాత వస్తుంది. మెరుపు ముందు, ఉరుము వెనక అన్నట్టే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది కాబట్టి 100 మీటర్ల దూరంలో దాదాపు 0.3 సెకను ఆలస్యం. పెద్ద షోలలో మధ్యలో ఇంకో జత స్పీకర్లు నిలబెట్టి, వాటిని కావాలనే అంత ఆలస్యంగా మోగిస్తారు. ముందునుంచి వచ్చే శబ్దం, ఇక్కడి శబ్దం కలిసి వినిపించాలని. అవి లేని చోట వెనక నిలబడ్డవాళ్లు చప్పట్లు తాళం తప్పి కొడుతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

మన వైపు గాలి సంగతి కూడా ఉంది. గట్టిగా వీచినప్పుడు గొంతు, తాళాల ధ్వని కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా ఊగుతున్నట్టు వినిపిస్తుంది. సన్నటి ధ్వనులను గాలి సులువుగా పక్కకు నెట్టేస్తుంది, బేస్‌ను అంతగా కదపలేదు. వెనకకు పోయేకొద్దీ ఇది ఎక్కువ.

స్టేజీ మీద ఏం జరుగుతుంది

ముందు ఓ డీజేనో, స్థానిక బ్యాండో అరగంట వాయిస్తుంది. యాంకర్ "అనంతపురం... సౌండ్ ఏదీ?" అని అరిపిస్తాడు. లైట్లు ఆరతాయి. ఆరిన వెంటనే సింగర్ వస్తాడని ఊపిరి బిగపట్టుకోకండి, ఒకటి రెండు సార్లు ఉత్తుత్తిగా కూడా ఆరతాయి.

మొదటి ఒకటి రెండు పాటలకు సౌండ్ బాగోదు. గొంతు మునిగిపోతుంది, డ్రమ్స్ పైకి తేలతాయి. ఖాళీ మైదానంలో సరిచూసుకున్నది జనం నిండాక మారిపోతుంది, ఇంజినీర్ మళ్లీ సర్దుకోవాలి. అంతలోనే "యూట్యూబ్‌లోనే నయం" అని మొహం మాడ్చుకోకండి.

పాటలు రికార్డులో విన్నట్టు ఉండవు. శ్రుతి కాస్త తగ్గిస్తారు. స్టూడియోలో ముక్కలు ముక్కలుగా పాడిన హై పిచ్‌ను రెండు గంటలు ఆపకుండా పాడాలంటే గొంతు నిలవదు. రెండో చరణం ఎగిరిపోతుంది, నాలుగు పాటలు కలిపి మెడ్లీ అవుతాయి. పల్లవి వచ్చేసరికి మైకు మనవైపు తిప్పుతారు. ఒకసారి బాగుంటుంది, ప్రతి పాటకూ తిప్పుతుంటే మాత్రం అతనికి ఊపిరి అందడం లేదని అర్థం.

"లైవ్ పాడుతున్నాడా, ట్రాక్ వేశారా?" అని పక్కవాళ్లు గొణుక్కుంటారు. మైకు నోటికి దూరం పోయినా గొంతు అంతే గట్టిగా వినిపిస్తే ట్రాక్ నడుస్తున్నట్టే. అయితే డ్యాన్స్ చేస్తూ పాడే యువ గాయకుల షోలలో కోరస్, వెనక గొంతులు, కొన్ని వాయిద్యాలు ట్రాక్‌లోంచి రావడం అందరూ చేసేదే. అసలు గొంతు దాని మీద వినిపిస్తోందా లేదా అన్నదే చూడండి. చెవిలో పెట్టుకున్న ఇయర్‌పీస్‌లో గాయకుడికి తన గొంతు, తాళం లెక్క వినిపిస్తుంటాయి. మధ్యలో ఒకటి తీసేశాడంటే మీ కేకలు వినాలనుకున్నాడనో, అందులో ఏదో తేడా వచ్చిందనో అర్థం. గిటార్‌తో ఒక్కడే కూర్చుని పాడే పాట ఒకటి చాలా షోలలో ఉంటుంది. గొంతు నిజంగా ఎంత ఉందో అక్కడ దాచలేరు. ఆ పాటకు ఫోన్ కింద పెట్టి వినండి.

వీడియో తీసుకోవద్దని చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. ఒకటి రెండు పాటలకు తీసుకుని ఆపేయండి. బేస్ ఎక్కువైతే ఫోన్ మైకు పగిలినట్టు రికార్డు చేస్తుంది, మర్నాడు మీకే వినబుద్ధి కాదు.

అందరికీ తెలిసిన హిట్ పాటను చివరికి దాస్తారు. ఇక్కడే ఓ చట్టం అడ్డొస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, కానీ ప్రతి షోకూ అది ఉండదు. ప్రసంగాలతో గంట లేటైన కాలేజీ షోలో తొమ్మిదిన్నరకు పోలీసులు గడియారం చూపిస్తారు, మిగిలిన పాటలన్నీ మెడ్లీలో కొట్టుకుపోతాయి. "వన్స్ మోర్" అని ఎంత అరిచినా లాభం లేదు.

చెవుల సంగతి

ఎవరూ పట్టించుకోనిది ఇదే. ఇలాంటి వేదికల్లో శబ్దం సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలు తట్టుకోగల చెవికి, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ టైం సగానికి తగ్గుతుందని ఒక లెక్క. అలా చూస్తే 100 దగ్గర పావుగంటే. స్పీకరుకు ఎంత దూరం జరిగితే అంత మేలు.

మెడికల్ షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్స్ చాలు. వేళ్ల మధ్య సన్నగా పుల్లలా నలపండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి లాగితే లోపలి దారి తిన్నగా అవుతుంది, అప్పుడు దూర్చి అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. పైపైన పెడితే ఊడిపోతుంది. దూది పెట్టుకుంటే పెట్టుకున్నామన్న తృప్తే తప్ప పెద్దగా ఆపదు. షో అయ్యాక చెవుల్లో గుయ్‌మని మోత సాధారణంగా ఒక రోజులో పోతుంది. రెండు రోజులైనా పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

తోపులాట

2023 నవంబరులో కొచ్చిన్ యూనివర్సిటీలో టెక్ ఫెస్ట్ సంగీత కార్యక్రమానికి ముందు వాన మొదలైంది. బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు, మెట్ల మీద పడి నలుగురు చనిపోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర క్రికెట్ విజయోత్సవానికి వచ్చిన జనంలో 11 మంది పోయారు. రెండు చోట్లా ప్రమాదం ప్రవేశ ద్వారాల దగ్గరే. షో మొదలవుతున్న శబ్దం వినపడగానే గేటు దగ్గర పరుగు మొదలైతే మీరు పరుగెత్తకండి. మొదటి పాట పోతే పోయింది.

లోపలికి పోగానే మీరు వచ్చిన గేటు కాకుండా ఇంకో దారి ఎక్కడుందో చూసుకోండి. చుట్టూ ఉన్నవాళ్ల భుజాలు తగులుతూ, చేతులు పైకెత్తడానికి వీల్లేకపోతే అది పక్కకు తప్పుకోవాల్సిన టైం. జనానికి ఎదురు పోవద్దు. వాళ్లు ఊగినప్పుడు వాళ్లతోనే ఊగి, ఆ ఊపు ఆగినప్పుడు రెండడుగులు ఏటవాలుగా అంచువైపు జరగాలి. చేతులు రొమ్ముకు అడ్డంగా మడిచి పెట్టుకుంటే ఊపిరి ఆడుతుంది. ఊపిరాడకపోవడమే ప్రాణం తీసేది. గోడకు, బారికేడ్‌కు ఆనుకుని ఉండొద్దు. ఫోన్ పడినా, చెప్పు జారినా వంగకండి. పక్కన ఎవరైనా పడితే నలుగురు కలిసి లేపండి. అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108. కాల్ కలవకపోతే బారికేడ్ అవతలి వలంటీర్లకు చేతులూపి చూపించండి.

ఇంటికి చేరడం

ఆఖరి పాట కాగానే అందరూ ఒక్కసారి గేటు మీద పడతారు. ఇరవై నిమిషాలు లోపలే కూర్చోండి, నీళ్లు తాగండి. వచ్చేటప్పుడే ఆటో అన్నతో తిరుగు ప్రయాణం మాట్లాడుకుంటే మేలు, షో వదిలాక అడిగిందే రేటు. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చే నాన్నలు గేటు దగ్గరికి బండి తేవొద్దు. రెండు సందుల అవతల ఏదైనా పెట్రోలు బంకో, ఏటీఎమ్మో చెప్పి అక్కడికి నడిచి రమ్మనండి. పది గంటలకు ఫోన్ కలవకపోతే కంగారు పడకండి, మైదానం దాటితే కలుస్తుంది. ఆ మాట పిల్లలు ఇంట్లో ముందే చెప్పి వెళ్తే అమ్మకు టెన్షన్ తగ్గుతుంది.

తాడిపత్రి, ధర్మవరం, గుంతకల్లు నుంచి వచ్చే అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీ శక్తి పథకం కింద టికెట్‌కు డబ్బులు కట్టక్కర్లేదు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. కానీ రాత్రి ఆఖరి బస్సు ఎన్నింటికో పొద్దున్నే బస్టాండులో అడిగి పెట్టుకోండి, షో దానికోసం ముందే ఆగదు. దొరకదనిపిస్తే ఊళ్లో ఉన్న పిన్ని ఇంట్లోనో, హాస్టల్ ఫ్రెండ్ దగ్గరో ఆ రాత్రికి ఉండే ఏర్పాటు చేసుకోండి. బెంగళూరు సర్వీసులు అంతర్రాష్ట్రానివి, వాటిలో ఆ సౌకర్యం వర్తించదు. అక్కడి నుంచి తిరుగు టికెట్ బుక్ చేసేటప్పుడు షో ముగిసే టైముకు కనీసం రెండు గంటల తర్వాతి బస్సు చూడండి. ఎక్కే చోటుగా మెజెస్టిక్‌కు బదులు హెబ్బాళ ఎంచుకునే వీలుంటే, ప్యాలెస్ గ్రౌండ్స్ నుంచి వచ్చేవాళ్లకు ఊరి మధ్యకు వెనక్కి పోయే పని తప్పుతుంది.